కదిలిన గీత

"మామయ్య వచ్చేశాడు నాన్నా!" అంటూ ఆమె నేలమాళిగ మెట్లు దిగింది. నవ్వుతూనే చెప్పింది.

పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆమెకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. అద్దాలు తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడిచింది. తెర సరిచేసింది. పెన్సిల్ చెక్కి చెక్కి సగం చేసింది.

భయం ఉండదూ మరి? ముప్పై ఏళ్లుగా ప్రొఫెసర్ గారు ఒకే మాట మీద ఉన్నారు. చప్పుడు వినపడాలంటే గాలి కావాలి, అల లేవాలంటే నీళ్లు కావాలి, అలాగే వెలుగు మన దాకా రావాలంటే ఆకాశమంతా నిండిన ఈథర్ కావాలి అని. లోకం ఆ మాట వదిలేసి చాలా కాలమైంది. వదిలించిన వాళ్లలో అందరికంటే ముందున్నవాడు స్వయానా ఆయన బావమరిది. ఈ ప్రయోగాలకు డబ్బిచ్చే పరిషత్తు ఆ బావమరిదినే ఇవాళ పరీక్షకు పంపింది. ఈథర్ లేదని తేలితే ఈ నేలమాళిగకు తాళం పడుతుంది. తాళం పడితే నాన్న ఎన్నాళ్లో బతకడు. ఆ సంగతి కూతురికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"లేనిదాన్ని ఇంకెన్నాళ్లు వెతుకుతావు బావా?" మామయ్య వస్తూనే అంటించాడు.

"నువ్వు లేదంటే లేకుండా పోతుందిటోయ్?"

"నన్నూ ఓసారి చూడనివ్వరాదూ!"

"ఇద్దరి ఒంటి వేడి తగిలితే అద్దాల అమరిక చెదిరిపోతుంది. నీ ప్రయోగశాలలో మాత్రం వేరే పద్ధతా?"

మామయ్య దగ్గరా అదే పద్ధతి. అందుకే తెర దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

తెర వెనక పాదరసం తొట్టిలో పెద్ద రాతిపలక తేలుతూ ఉంటుంది. దాని మీద, చెక్క తొడుగు కింద, ఒకే వెలుగును రెండుగా చీల్చి మళ్లీ కలిపే అద్దాలున్నాయి. కలిసిన చోట నల్లటి గీతలు పడతాయి. రాయి మెల్లగా తిరుగుతుంటే ప్రొఫెసర్ గారు దుర్భిణికి కన్ను ఆనించి దాంతోపాటు నడుస్తారు. చుట్టూ ఉన్న పదహారు గుర్తుల్లో ఒక్కోదాని దగ్గర గీత ఎక్కడుందో అంకె చెబుతారు. తెర ఇవతల కూతురు రాసుకుంటుంది. ఈథర్ లేకపోతే ప్రతిచోటా ఒకే అంకె రావాలి. ఉంటే రాయి తిరిగే దిక్కును బట్టి అంకె పెరగాలి, తగ్గాలి.

"ఇవాళ అయిదో గుర్తు నుంచి మొదలెట్టు," అన్నాడు మామయ్య.

"నీ ఇష్టం. పదో గుర్తు నుంచైనా సరే."

ప్రొఫెసర్ గారు తెర వెనక్కి వెళ్లారు. మేనమామా మేనకోడలూ వెంటిలేటర్ వెలుతురు పడే మెట్ల మీద కూర్చున్నారు.

"ఎనిమిది," అని వినిపించింది లోపల్నుంచి.

రాసింది.

"ఎనిమిది."

మొదటి ఎనిమిది కిందే రెండో ఎనిమిది రాసింది.

"ఎనిమిదే."

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. మామయ్య జాలిగా చూశాడు. కోపంగా చూసినా ఇంత భయం వేసేది కాదు.

"తొమ్మిది."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"పది. పది. తొమ్మిది. ఎనిమిది..."

ఒక చుట్టు అయింది. రెండో చుట్టు. పదో చుట్టు. అంకెలు పెరగాల్సిన చోట పెరిగాయి, తగ్గాల్సిన చోట తగ్గాయి. ఎక్కడా తడబాటు లేదు. ఇరవై చుట్లు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం అయింది.

మామయ్య కాగితాలు లాక్కుని సొంత చేత్తో లెక్క వేశాడు. తప్పేమోనని మళ్లీ వేశాడు. మూడోసారి వేసేటప్పటికి ఆయన నుదుటి మీద ముచ్చెమటలు పోశాయి. ఇప్పుడు భయపడటం ఆయన వంతు.

"నేను రాసిన పుస్తకాలన్నీ చించి పోగులు పెట్టాల్సిందే బావా," అన్నాడు చివరికి. "నీ ఈథర్ ఉంది. పరిషత్తుకు ఇవాళే రాస్తాను. తాళం మాట ఇక ఎవడూ ఎత్తడు."

ప్రొఫెసర్ గారు బావమరిదిని కావలించుకున్నారు. పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు.

"ముప్పై ఏళ్లలో గీతలు ఇంత స్పష్టంగా ఎన్నడూ కనపడలేదురా అమ్మడూ! ఒక్కొక్కటీ వేలితో తాకి చూపించొచ్చు, అంత స్పష్టం!"

బావా బావమరిదీ భుజాల మీద చేతులు వేసుకుని మెట్లెక్కారు. పైన వాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి. ఆమెకు ఒక్కసారిగా ఒళ్లు తేలికపడింది. ఇక ఏ భయమూ లేదు. కళ్లు తుడుచుకుంటూ తెర తీసి, చెక్క తొడుగు పక్కకు జరిపింది.

రోజూలాగే చెయ్యి కాలకుండా గుడ్డ చుట్టుకుని, అద్దాలకు వెలుగునిచ్చే దీపాన్ని ఆర్పుదామని దాని ఇనప పెట్టె మూత తీసిన ఆమెకు, పొద్దుటి కంగారులో తాను అసలు వెలిగించనే వెలిగించని కొత్త వత్తి తెల్లగా కనిపించింది.