నెట్ లేకుండా ఎక్కిన ప్లగిన్

పనికి కావలసిన ప్లగిన్, అంటే అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్, ఏది లేకపోయినా నా ప్రోగ్రామ్ తనే నెట్‌లో వెతికి తెచ్చుకోవాలి. వారాలుగా మొండికేసిన ఆ పని ఈ రాత్రి జరిగింది. షింజూ నగరంలోని మా ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. కంప్యూటర్ మొరాయించకుండా, ఇక్కడి నమ్మకం ప్రకారం, ఇక్కడే పనిచేసే మా అన్న వెన్ దానిమీద రక్షగా పెట్టిన ఆకుపచ్చ చిప్స్ ప్యాకెట్‌ను ఎవరూ విప్పకూడదు.

గర్వం ఆపుకోలేక అన్నకు ఫోన్ చేశాను. "చూశావా నా తడాఖా! ప్లగిన్ దానంతటదే ఎక్కేసింది."

"గొప్పలు చాల్లే, షూఫెన్. సాయంత్రం నెట్ కేబుల్ పీకేసింది నేనేగా. ఆ డబ్బాకి వైఫై కూడా లేదు. ఎక్కడి నుంచి తెచ్చిందట?"

కేబుల్ కొస నిజంగానే నేలమీద పడి ఉంది.

"అయినా తెచ్చిందంటే చూడు, అదీ నా పనితనం!"

అన్న నవ్వాడు. "సరేలే, ముందు ఆ కరకర నమలడం ఆపు. ప్యాకెట్ విప్పేశావా ఏంటి?"

నా నోట్లో ఏమీ లేదు. కంప్యూటర్ మీద ప్యాకెట్ కూడా లేదు.