నాలుగెకరాల పేజీ

"ఇంకోసారి మొదటి నుంచి చూపించు," అన్నాడు పెద్ద ఈరన్న.

వీరభద్ర ఫోనులో భూమి పేజీని బొటనవేలితో పైనుంచి కిందిదాకా మళ్లీ జరిపాడు. సర్వే నంబరు. నాలుగెకరాలు. పట్టాదారు హనుమేష్. ఆ కింద నేల రకం, నీటి వసతి. పేజీ అయిపోయింది.

"నా పేరు యాడ?"

"నేనూ అదే వెతుకుతాండా బావా."

మూడు నెలలు బెంగళూరులో ఇటుకలు మోసి ఈరన్న ఆ పొద్దునే ఊళ్లో బస్సు దిగాడు. తండ్రి పోయాక భూమి కాగితాలు మార్పించింది తమ్ముడు హనుమేష్. అన్న కూలికి పోయేవాడు, తమ్ముడు సేద్యం చూసేవాడు. పంటలో చెరి సగం. అంతా నమ్మకం మీద నడిచింది. నమ్మకానికి రసీదు ఉండదు. రోడ్డుకు ఆనుకున్న ఆ పొలాన్ని కొంటామని ఎవరడిగినా ఇద్దరూ ఒకే మాట మీద నిలబడి, అమ్మేది లేదు పొమ్మన్నారు.

వీరభద్ర ఈరన్న భార్య వెంకటేశ్వరమ్మకు తమ్ముడు. పత్తికొండలో టమాటా మండీ ఉంది. సరుకు దిగే వేళ మండీ వదిలేసి బావ కోసం వచ్చాడు.

"మాట్లాడి తేల్చుకుందాం. నేనూ వస్తా," అన్నాడు.

ఈరన్న ఇంట్లోకి పోయి గొడ్డలి తీసుకుని వచ్చాడు.

హనుమేష్ పొలంలో టమాటా చెట్లకు కట్టెలు నాటుతున్నాడు.

"నేను ఆడ వీపు అరగదీసుకుంటాంటే, ఈడ నా పేరు తుడిచేస్తివా రా?"

"తాగొచ్చినావా అన్నా? ఇద్దరి పేర్లూ రాయించినా. దగ్గర నిలబడి రాయించినా."

"మూడుసార్లు చూసినా."

"అయితే నీ కండ్లకు పొర కమ్మింది. ఆ ఫోను ఇట్లియ్యి, నేను చూపిస్తా."

వీరభద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఇద్దరూ శానా ఉడుకు మీద ఉండారు, ఇప్పుడు ఫోనెందుకప్పా. బావా, ముందు నువ్వు ఆ గొడ్డలి కింద పెట్టు."

అంతవరకూ హనుమేష్ గొడ్డలిని చూడలేదు. చూడగానే చేతిలో ఉన్న కట్టెతో అన్న ముఖం మీద కొట్టాడు. ఈరన్న పన్ను ఊడింది. నోటి నిండా రక్తం. గొడ్డలి లేచింది. మొదటి వేటు తప్పి డ్రిప్పు పైపును తెగ్గొట్టింది. నీళ్లు నడుమెత్తు చిమ్మాయి. రెండోది భుజంలో దిగింది. హనుమేష్ కూలబడి, తెగిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, "అన్నా, నీ పేరు..." అన్నాడు. మూడో వేటు మెడ మీద పడింది.

తర్వాత చేయాల్సినవన్నీ వీరభద్రే చేశాడు. హనుమేష్‌ను తన బండిలోనే ఆసుపత్రికి చేర్చాడు. దారిలోనే ప్రాణం పోయింది. బావకు వకీలును కుదిర్చాడు. హనుమేష్ భార్య శివజ్యోతికి బియ్యం పంపాడు. రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయినా, రెండిళ్లకూ వెళ్లేవాడు అతనొక్కడే.

ఇద్దరు ఆడవాళ్లకూ అమ్మక తప్పలేదు. రక్తం పడిన పొలం, ఎవరూ ముందుకు రాలేదు.

"అయినోళ్లం, మేమే తీసుకోకపోతే ఎట్లక్కా," అన్నాడు వీరభద్ర.

ఏడు నెలలకు రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో వెంకటేశ్వరమ్మ, శివజ్యోతి చెరో మూల కూర్చున్నారు. లోపల దస్తావేజులు రాసే రాఘవేంద్రప్రసాద్ కంప్యూటరులో భూమి పేజీ తెరిచాడు.

"పట్టాదారు హనుమేష్ ఒక్కడే గదప్పా. ఆయన భార్య వేలిముద్ర చాలు. జైల్లో ఉండే ఈరన్నతో సంతకం చేయించి తెచ్చినావే, ఈ కాగితం ఎందుకు?"

ఏడు నెలల కిందట ఈరన్నకు చూపించే ముందు తాను ఒక్కడే చూసుకున్నట్టే, వీరభద్ర మౌసు అందుకుని పేజీని పక్కకు జరిపి, హనుమేష్ పేరుకు కుడివైపు గడిలో ఉన్న పెద్ద ఈరన్న పేరు చూపించాడు.