గాలికి అడ్డుగా

పరుగు మొదలయ్యే ముందు కోచ్ లోర్న్ ఎవరినో వెంటబెట్టుకొచ్చాడు.

“రోజూ నీ ముందు పరుగెత్తి గాలి ఆపే మనవాడికి జ్వరం. అతని బదులు ఈ రెజాన్ పరుగెత్తుతాడు. మాంట్రియల్ నుంచి వచ్చాడు.”

మార్లా అతన్ని ఎగాదిగా చూసింది. నెరిసిన గడ్డం, వెలిసిన టోపీ.

“ఊరూపేరూ తెలియని మనిషినా? అదీ ఈరోజా?”

ఒలింపిక్స్ మారథాన్‌కి కెనడా నుంచి వెళ్లేది ముగ్గురే ఆడవాళ్లు. ఇప్పటికి రెండుసార్లు ఆ జట్టులో చోటు మార్లాకి చేతిదాకా వచ్చి జారిపోయింది. ఇంకో నాలుగేళ్లు ఆగే కాళ్లు కావవి. జట్టులో ఇప్పుడు మూడో చోటు పట్టుకుని ఉన్నామె టైము కన్నా తక్కువలో ఈ టొరంటో పరుగు ముగిస్తేనే ఆ చోటు మార్లాది.

“నీకు గాలి తగలకుండా చూస్తా, అంతే” అన్నాడు రెజాన్.

“ముందు నా కాళ్లకి అడ్డం పడకు, చాలు.”

సరస్సు ఒడ్డుకు చేరగానే ఎదురుగాలి ఈడ్చి కొట్టింది. రెజాన్ చటుక్కున ఆమె ముందుకొచ్చాడు.

“నత్తలా పోతున్నావ్!” అరిచింది మార్లా.

“సరిగ్గానే పోతున్నా.”

“నన్ను ముంచడానికే నిన్నెవరో పంపారు!”

అతను వెనక్కి చూడలేదు. నవ్వాడేమో, భుజాలు కదిలాయి.

కొంత దూరం పోయాక ఆమె పిక్కలు పట్టేశాయి.

“నావల్ల కాదు. ఆగిపోతా.”

“తిట్టు. తిట్టేటప్పుడే బాగా పరుగెత్తుతున్నావ్.”

మార్లా తిట్టింది. అతని గడ్డాన్ని, నడకని, మాంట్రియల్‌ని, ఏదీ వదల్లేదు.

చివరి వీధి మలుపులో అతను పక్కకి తప్పుకున్నాడు.

“ఇక పో!”

గీత దాటి గడియారం చూసి అక్కడే మోకాళ్ల మీద కూలబడింది మార్లా. లోర్న్ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

“కొద్ది సెకన్ల తేడాయే! అయినా సాధించావ్!”

విలేకరులు, ఫొటోలు, కౌగిలింతలు. గుంపు పలచబడ్డాక గానీ అతను గుర్తుకు రాలేదు.

“అతనేడీ? నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్క మాటైనా చెప్పాలి.”

“వెళ్లిపోయాడు. ఇంట్లో భార్య ఒక్కతే ఉందన్నాడు.”

“మీకు స్నేహితుడా?”

“నేనూ ఇవాళే చూశాను. మనవాడి జ్వరం సంగతి ఎలా తెలిసిందో, నిన్న ఆ భార్యే ఫోన్ చేసింది. ‘గాలి వల్ల మార్లా ఓడిపోకూడదు, మా ఆయన్ని పంపిస్తా’ అంది. పరుగు అయ్యేదాకా నీకు చెప్పొద్దని మాట తీసుకుంది.”

“నేనంటే ఎందుకంత? ఎవరామె?”



“ఇందాకటిదాకా జట్టులో ఆ మూడో చోటు ఆమెదే.”