కురచ బ్యారెల్

శేషగిరి గారి గురి అట్ట మీద ఒక్క చిల్లు కూడా లేదు.

షూటింగ్ రేంజి కెప్టెన్ డెనీస్ ఆ అట్టను రెండు వైపులా తిప్పి చూసింది. కాల్చిన తూటాలన్నీ ఎటు పోయాయో ఆమెకీ అంతుబట్టలేదు.

పక్కనే నిలబడి కాల్చిన కార్తికేయ అట్ట మీద మాత్రం చిల్లులన్నీ నడిమధ్యన, అరచెయ్యి పెడితే కనపడకుండా పోయేంత దగ్గరగా పడ్డాయి.

పిస్టల్ క్లబ్బు జట్టుకి మనిషిని ఎంపిక చేసే రోజు అది. ఉన్న ఖాళీ ఒక్కటే. ఆ చోటు తనదేనని బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కనపడ్డవాడికల్లా ఏడాదిగా చెప్పుకు తిరుగుతున్నాడు కార్తికేయ.

అతని రివాల్వర్ కొత్తది. బారెడు బ్యారెల్, మార్చుకోవడానికి తూటాలు పెట్టే సిలిండర్లు రెండు. ఒకటి చిన్న తూటాలకి, రెండోది అంతకంటే జోరైన మ్యాగ్నమ్ తూటాలకి. మోత ఘనంగా ఉంటుందని ఎప్పుడూ మ్యాగ్నమే కాల్చేవాడు. ఎంపికలో చిన్న తూటాలే వాడాలన్నారు కాబట్టి ఆ ఉదయమే సిలిండర్ మార్చాడు.

శేషగిరి గారిది పాత రివాల్వర్. చట్టం ఒప్పుకునే కనీస కొలతకి కాస్త పైన, కురచ బ్యారెల్. అడిలైడ్‌లో ప్రొఫెసర్‌గా రిటైరై, భార్య పోయాక బ్రిస్బేన్‌లో కూతురు సింధుజ దగ్గరికి వచ్చేశారు. ఈ రేంజిలో ఆయన కాల్చడం ఇదే మొదలు.

"అంకుల్, గా బ్యారెల్‌తోని పిట్ట గూడ పడది" అన్నాడు కార్తికేయ. "బ్యారెల్ లాంగ్ ఉంటేనే ఆక్యురసీ. మీరు బార్బీ కాడ కూసోని సాసేజ్‌లు తిప్పుండ్రి."

అదే మాట ఇంగ్లీషులోనూ చెప్పాడు. మాంసం కాల్చే ఆ బార్బీ పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

శేషగిరి గారికి కోపం రాలేదు. అట్టనే చూస్తూ ఉండిపోయారు.

"చెయ్యి కదల్లేదు నాయనా. గురిచూసే సైటు కూడా బాగానే ఆనింది. ప్రతి తూటా మధ్యలోనే పడిందనుకున్నా."

"అదే కదా డేంజర్ అంకుల్. మిస్ అయినట్టు గూడ మీకు తెలుస్తలేదు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చూశారు.

కొత్త చోటు కదా, పెద్దాయనకి ఇంకో అవకాశం ఇద్దామంది డెనీస్. ఇస్తే తన చోటుకి పోటీ వస్తుంది. అందుకని కార్తికేయ క్లబ్బు కమిటీ దగ్గరికి వెళ్ళి, తూటా ఎటు పోయిందో తెలియని మనిషిని పిల్లలు తిరిగే చోటికి ఎలా రానిస్తారని నిలదీశాడు. సభ్యత్వం పోతే లైసెన్సు పోతుందనీ, లైసెన్సు పోతే రివాల్వర్ పోలీసులకి అప్పగించాలనీ అతనికి తెలుసు.

కమిటీ తేల్చేలోపే శేషగిరి గారు తనంతట తానే అప్పగించేశారు. పోలీసులు దాన్ని ముక్కలు చేయించారు. కన్నూ చెయ్యీ తప్పినవాడికి స్టీరింగు మాత్రం ఎందుకని కారు తాళాలు కూడా కూతురికి ఇచ్చేశారట. ఇండియన్ షాపులో సింధుజే ఈ సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంటే, కార్తికేయ మొహం దిగాలుగా పెట్టాడు. లోపల మాత్రం రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాడు.

జట్టులో చోటు అతనికే దక్కింది. పోటీల ముందు రోజు అతను మళ్ళీ చిన్న సిలిండర్ వేసి ప్రాక్టీసుకి దిగాడు. వెనక నుంచి డెనీస్ దుర్భిణిలో చూస్తోంది.

మొదటి తూటాకి అట్ట కింద మట్టి లేచింది. రెండోదానికీ అంతే. మూడోదానికీ అంతే.

డెనీస్ రివాల్వర్ తీసుకుని వెనక సైటు పరీక్షగా చూసింది.

"ఇది మ్యాగ్నమ్‌కి సరిచేసి ఉంది. చిన్న తూటా వేస్తే మట్టిలోకే పోతుంది. అయినా మ్యాగ్నమ్ బ్యారెల్లో చిన్న తూటా కాస్త వదులు. బ్యారెల్ ఎంత పొడుగున్నా చిల్లులు అంత దగ్గరగా పడవు. ఆ రోజు ఎలా కొట్టావు? తర్వాత సైటు ఏమైనా మార్చావా?"

కొన్న నాటి నుంచి కార్తికేయ ఆ సైటు ముట్టుకున్న పాపాన పోలేదు.

అతని చూపు ఎదురుగా ఉన్న అంకెల బోర్డుల మీదికి పోయింది. ఈ రేంజిలో బోర్డులు అట్టకీ అట్టకీ మధ్య ఉంటాయి. ఏ అంకె ఏ అట్టదో తెలియక కొత్తవాళ్ళు అప్పుడప్పుడు పక్కవాడి అట్ట మీద కాల్చేస్తుంటారు. ఆ రోజు అతని పక్కన ఉన్న కొత్తవాడు ఒక్కడే. ఇద్దరూ కాల్చిన తూటాలూ సమానమే.

తన అట్ట మీద పడ్డ ఆ చిల్లులు పెద్దాయనవి. సింధుజ నంబరు ఫోన్లో ఉంది. ఒక్క మాట చెబితే చాలు, పెద్దాయన ప్రాణం లేచొస్తుంది. తన చోటు పోతుంది.

"మార్చిన" అన్నాడు ఇంగ్లీషులో, ఏమాత్రం తడుముకోకుండా.

డెనీస్ నమ్మింది. సైటు ఆమే సరిచేసి, గుడ్ లక్ చెప్పి వెళ్ళింది.

ఆ సాయంత్రం కార్తికేయ జట్టు చొక్కా తొడుక్కుని ఫోటో దిగుతున్న వేళకి, క్లబ్బు మొత్తంలో గురి తప్పని ఒకే ఒక్క మనిషి, తన చెయ్యి తప్పి ఒలకబోస్తానేమోనన్న భయంతో, కాఫీ కూడా కూతురి చేతే కప్పులో పోయించుకుంటున్నారు.