ఆగిన బంతి

గౌస్ బాషా కుర్చీలో కూర్చోలేకపోతున్నాడు.

లేస్తాడు. గ్రౌండ్ చుట్టూ కట్టిన తాడు దాకా వెళతాడు. తిరిగొస్తాడు. మళ్ళీ లేస్తాడు.

“కూర్చోవయ్యా బాషా. ఆడేది నువ్వా, నీ మనవరాలా?” అన్నాడు మార్క్.

చీరాలలో ఇద్దరివీ పక్కపక్క షాపులు. మార్క్‌ది సైకిల్ రిపేరు. బాషాది దూదేకి పరుపులు కుట్టే పని. ఏ చొక్కా వేసుకున్నా జేబులో దబ్బనం, దారం ఉంటాయి. పోయిన నెల వేటపాలెంలో ఎవరి పరుపుకో కుట్టు ఊడిందని ఫోనొస్తే, పెళ్ళి భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని సైకిలెక్కాడు. విస్తట్లో లడ్డూ నేను తిన్నానని మార్క్ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

అమ్మాయిల హాకీ ఫైనల్. చీరాలకీ పొన్నూరుకీ. గెలిచిన జట్టే రాష్ట్ర పోటీలకు వెళుతుంది. చీరాల ఫార్వర్డ్ మెహర్, బాషాకి కూతురి కూతురు. వయసు ప్రకారం ఆమెకిదే ఆఖరి ఏడాది. ఇవాళ ఓడిపోతే స్టిక్ అటకెక్కిస్తానని చెప్పి, అన్నం ముట్టకుండా వెళ్ళింది.

సగం ఆటకి మెహర్ ఆరుసార్లు కొట్టింది. ఆరూ ఆగాయి.

పొన్నూరు గోల్‌కీపర్ పేరు ఆశ్రిత. సన్నటి పిల్ల. బంతి ఆమె కాళ్ళకి తగిలితే ఎగిరి రావడం లేదు. అక్కడే పడిపోతోంది. తిరిగొచ్చే బంతిని కొడదామని కాచుకున్న చీరాల పిల్లలు అలాగే నిలబడిపోతున్నారు. ఆమె నింపాదిగా అవతలికి తన్నేస్తోంది. ఈలోగా పొన్నూరు ఒక గోల్ కొట్టింది.

“ఆ పిల్ల ఒక్కతే వాళ్ళ టీమంతా” అన్నాడు మార్క్.

బాషా మళ్ళీ లేచాడు.

అవతల చీరాల కోచ్ రామకాంత్ అరుస్తున్నాడు. ఎండాకాలంలో బాషా కొత్త పత్తి దట్టించి, గోల్‌కీపర్ కాళ్ళకని ప్యాడ్లు కుట్టి తీసుకెళితే నవ్వింది ఈయనే. “పరుపులు మాకెందుకండీ బాషా గారూ? కొట్టేవాళ్ళుంటే చాలు, కాసేవాళ్ళతో కప్పులు రావు” అన్నాడు. బాషా వాటిని సైకిలు వెనక కట్టుకుని వచ్చేశాడు.

మూడో క్వార్టర్లో మెహర్ కొట్టిన దెబ్బ ఆశ్రిత ఎడమకాలికి గట్టిగా తగిలింది. ఆమె వంగి మోకాలి కింద తడుముకుంది. జనం కేకలు వేశారు. దెబ్బ తగిలింది, ఇక అటే కొట్టండని.

బాషా తాడు దగ్గరికి వెళ్ళి, ఈసారి తిరిగి రాలేదు. అక్కడే అటూ ఇటూ తిరిగాడు.

పది నిమిషాలకి మెహర్ మళ్ళీ అటే కొట్టింది. ఆశ్రిత ఎడమకాలు ఈడ్చుకుంటూ జరిగింది, అందలేదు. గోల్. ఒకటీ ఒకటీ. అలాగే ఆట ముగిసింది.

ఇక షూటౌట్. ఒక్కొక్కరూ బంతితో ఒంటరిగా గోల్‌కీపర్ మీదికి వెళ్ళాలి. రామకాంత్ పిల్లల్ని పిలిచి ఎడమకాలి వైపే కొట్టమని చెప్పాడు.

“ఇంకెంతసేపుంది?” అనడిగాడు బాషా.

“అయిదు నిమిషాలు.”

బాషా గబగబా జనంలోకి వెళ్ళిపోయాడు. నమాజుకేమో అనుకున్నాడు మార్క్. తిరిగొచ్చాక బాషా కుర్చీలో కూర్చున్నాడు. కుడిచెయ్యి పిడికిలి బిగించి, కదలకుండా కూర్చున్నాడు.

“మనసు కుదుటపడ్డట్టుందే” అన్నాడు మార్క్.

బాషా గోల్ వైపే చూస్తున్నాడు.

రెండు జట్ల నుంచీ నలుగురేసి కొట్టారు. రెండూ రెండూ. పొన్నూరు అయిదో అమ్మాయి గోల్ కొట్టింది. చీరాలకి మిగిలింది మెహర్ ఒక్కతే. ఇది పడకపోతే కప్పు పోయినట్టే.

విజిల్ వేశారు. మెహర్ పరిగెత్తింది. అవతలి వైపు వెళ్ళినట్టే వెళ్ళి, ఎడమకాలి వైపు కొట్టింది. మంచి దెబ్బ. బంతి ఆశ్రిత ఎడమకాలికి తగిలింది.

అక్కడే పడిపోయింది.

పొన్నూరు పిల్లలు ఆశ్రితని ఎత్తుకున్నారు. మెహర్ తాడు దాటి వచ్చి, తాత కాళ్ళ దగ్గర నేలమీద కూలబడింది.

“అటే కొట్టా తాతా. ఇందాక అటే కదా పోయింది. ఇప్పుడెట్లా ఆగింది?”

ఆమె తల నిమరబోయిన బాషా చెయ్యి మధ్యలోనే ఆగింది. తను కుట్టి పొన్నూరు పిల్లకిచ్చిన ఎడమ ప్యాడుకి, ఊడిన కుట్టు ఇందాక వేసొచ్చిన దబ్బనం ఇంకా ఆ వేళ్ళ మధ్యే ఉంది.