అడ్డుచెక్క వెనక

బాగుచేయించి పంపిస్తానని తీసుకెళ్ళిన కూతురు, తల్లిని అంబులెన్సులో శవంగా పంపింది. వడ్రంగి పని చేసే తండ్రికి ఇందులో రెండో మాట లేదు. మూడేళ్ళయినా అతను కూతుర్ని క్షమించలేదు.

పట్నంలో కూతురుండే మూడో అంతస్తు ఇంట్లో, భార్య ఆఖరి రోజులు గడిపిన గదినే ఇప్పుడు అతని కోసం ఖాళీ చేసి ఉంచారు. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. ఒక మంచం, ఒక టీవీ. కిందికి దిగాలంటే ఎవరో ఒకరు తోడు రావాలి. అతను ఒక్కసారి చూశాడు. చాలనుకున్నాడు.

అక్కడికి పోకుండా అతన్ని ఆపింది భార్య పెంచిన కుక్క ఒక్కటే. పేరు బొగ్గు. ఒళ్ళంతా నలుపు, మూతి మాత్రం నెరిసింది. పిల్లప్పటి నుంచీ పెరట్లోనే పెరిగింది. ఎప్పుడైనా ఇంట్లో పడుకోబెడితే తెల్లారేదాకా తలుపు గీకేది. కూతురుండే భవనంలో కుక్కల్ని రానివ్వరు. అందుకే తల్లిని సాగనంపిన రోజున తండ్రీకూతుళ్ళకు ఒప్పందం కుదిరింది. బొగ్గు ఉన్నన్నాళ్ళు కూతురు రమ్మని అడగదు. అది పోయిన వారంలోపు అతను బట్టలు సర్దుకోవాలి.

కిందటి చలికాలం బొగ్గుకు కీళ్ళు పట్టేశాయి. పశువుల ఆస్పత్రి కాంపౌండరు వచ్చి చూశాడు. గోనెసంచి మీద పడుకోబెట్టినందుకు వడ్రంగిని చెడామడా కడిగేశాడు.

“ఊరందరికీ తలుపులు బిగించావు. దీనికో తలుపు దొరకలేదా మామా?”

గూడు చిన్నదిగా ఉండాలన్నాడు. పెద్దదయితే దాని ఒంటి వేడి చాలదు. నేలకు తగలకూడదు. దుప్పటి చెమ్మ పీలుస్తుంది, ఎండుగడ్డే వెయ్యాలి. తాగే నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. మరీ చలిగా ఉంటే రబ్బరు సంచిలో వేన్నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి.

వడ్రంగి రెండు రోజుల్లో గూడు కట్టేశాడు. జంట చెక్కల గోడలు, మధ్యలో థర్మోకోలు. కింద నాలుగు ఇటుకలు. వాకిలికి పాత రబ్బరు చాప కోసి తెర కట్టాడు. గాలి సూటిగా కొట్టకుండా వాకిలి దాటగానే ఒక అడ్డుచెక్క పెట్టాడు. దాంతో ఎంత వంగి చూసినా లోపలి పడక కనబడదు. చెయ్యి పెట్టి, మోచెయ్యి మడిచి తడుముకోవాల్సిందే. నలభై ఏళ్ళలో అంత బిగువైన పని అతను చెయ్యలేదు.

ఈ ఏడు చలి ముందే దిగింది. అతను గడ్డి మార్చాడు. గిన్నె నింపాడు. రెండు గంటలకోసారి నీళ్ళు కాచాడు. బజారుకు వెళ్ళినా పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాడిలా తిరిగొచ్చేశాడు. పక్కింటి టైలరమ్మ, నెల మొదట్లో నాలుగు రోజులు చెల్లెలింటికి వెళ్ళింది తప్ప, రోజూ గోడ మీంచి చూస్తూనే ఉంది. చూసింది చూసినట్టు కూతురికి ఫోన్లో చేరవేస్తుంది. అదీ అతనికి తెలుసు.

“మనిషి కుక్కకు కాపలా కాయడం ఇక్కడే చూస్తున్నా బాబాయ్. అది మిమ్మల్ని గొలుసేసి కట్టేసింది.”

“అవును,” అన్నాడు.

ఆదివారం పొద్దున్నే కూతురు కారులో వచ్చింది. డిక్కీలో ఖాళీ సూట్‌కేసు తెచ్చుకుంది. అతని దగ్గు ఫోన్లో విన్నదట. వారమంతా నిద్ర లేదట.

“బొగ్గు ఎలా ఉంది?”

“బయటికి రావట్లేదు.”

“తింటోందా?”

“పొద్దుటికి గిన్నె ఖాళీ.”

“పదిహేనేళ్ళు నిండాయి నాన్నా దానికి. ఇంకెన్నాళ్ళని? ఆ దగ్గేంటి, ఆ మనిషేంటి, అద్దంలో చూసుకున్నావా?”

“మాట మాటే.”

“అయితే దాన్నే చూస్తాను,” అంటూ ఆమె పెరట్లోకి దారితీసింది.

“కదపకు,” అన్నాడు. ఆమె ఆగలేదు.

పెరట్లో మంచు ఇంకా కరగలేదు. గూటిదాకా తెల్లగా పరుచుకున్న మంచు మీద వడ్రంగి చెప్పుల గుర్తులే ఉన్నాయి. కూతురు వాటిలోనే అడుగులేసుకుంటూ వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుంది. రబ్బరు తెర ఎత్తి, చెయ్యి లోపల పెట్టి, అడ్డుచెక్క వెనక తడిమింది.

వడ్రంగి కళ్ళ ముందు పక్క భవనం గోడ నిలబడింది.

ఆమె చాలాసేపు చెయ్యి తీయలేదు.

“అమ్మ స్వెట్టరు వేశావా?” అంది, ఇటు తిరక్కుండానే.

“చలి కదా.”

“వెచ్చగా ఉంది. ఊపిరి ఆడుతోంది నాన్నా. మెల్లగా. ఈ చలికాలం గట్టెక్కుతుందిలే.”

లేచి, మోకాళ్ళకంటిన గడ్డి దులుపుకుంది. టీ వద్దంది. సూట్‌కేసు డిక్కీలోంచి దింపలేదు. కారెక్కబోతూ గేటు దగ్గర ఆగి, అతని మొహం చూడకుండా ఒక్కమాట అంది.

“నీళ్ళు చల్లారనివ్వకు.”

కారు మలుపు తిరిగాక వడ్రంగి గూట్లో చెయ్యి పెట్టి, భార్య స్వెట్టరు చుట్టిన వేన్నీళ్ళ సంచిని బయటికి తీసి, నీళ్ళు మార్చడానికి వంటింట్లోకి నడిచాడు. టైలరమ్మ ఊళ్ళో లేనప్పుడు, తొలి మంచు పడిన రోజునే తన చేతులతో గోడవార పాతిపెట్టిన బొగ్గు సంగతి ఇంకెవరితోనూ, ఆ కూతురితో కూడా, చచ్చేదాకా ఎత్తడు.