తూనీగ ఎవరు?

"తూనీగ ఎవరో చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను," అన్నాడు వచ్చినతను, కళ్లజోళ్ల కొట్లో కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

కొట్టావిడ లెన్సు తుడవడం ఆపలేదు. "కళ్లు చూపించుకుంటారా? కాకపోతే కుర్చీ ఖాళీ చేయండి."

"సర్వర్ మీ దగ్గరే ఉందిగా?"

ఉంది. కౌంటరు కింద ఫ్రేముల డబ్బాల మధ్య చెప్పుల పెట్టెంత ఉంటుంది. జనం మారుపేర్లతో తమకు తోచింది అందులో రాసుకుంటారు. ఇలాంటివి ఇంకా ఎందరి ఇళ్లల్లోనో ఉన్నాయి. ఒకచోట రాసింది మిగతా చోట్లకూ చేరుతుంది. అన్నిటికీ కలిపి యజమాని అంటూ ఎవడూ లేడు. నడిపే కోడ్ కూడా బహిరంగమే, ఓపికుంటే ఎవరైనా చదువుకోవచ్చు. ఈ ఒక్క పెట్టెకు మాత్రం కాపలా ఆవిడే.

మొన్న తూనీగ అనే పేరుతో ఎవరో అందులో రాశారు. లిఫ్టుల కంపెనీ తనిఖీలు చేయకుండానే చేసినట్టు సంతకాలు పెట్టేస్తోందని, అందుకే ఓ పనివాడు పైనుంచి పడ్డాడని. కింద ఆసుపత్రి మంచం మీదున్న ఆ పనివాడి ఫోటో. అప్పట్నుంచి కంపెనీవాళ్లు తూనీగ కోసం గాలిస్తున్నారు. దొరికితే ఉద్యోగం ఒక్కటే ఊడబీకి ఊరుకునే రకం కాదు వాళ్లు.

ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసింది. నలగని చొక్కా, తొణకని మాట. కంపెనీ మనిషే, అనుమానం లేదు.

"ఇక్కడ మీ పప్పులుడకవని మీ మేనేజరుకు చెప్పండి."

"మేనేజరెవరండీ? ఆ ఫోటోలో ఉన్నది మా తమ్ముడు."

ఆవిడ చెయ్యి ఆగింది. ఆ మాట ఎవడైనా చెప్పొచ్చు కదా అనిపించింది మరుక్షణంలో.

"అయితే ఏ కాలు విరిగిందో చెప్పండి."

"కాలు కాదమ్మా, నడుము. ఎడం చెయ్యి కూడా లేవట్లేదు. ఫోటోలో దుప్పటి కప్పుంది కాబట్టి మీకు కనపడదు."

ఆవిడ కాస్త మెత్తబడింది. "ఫోటో కావాలంటే ఇప్పుడే తీసేస్తాను. కానీ మిగతా సర్వర్లకు ఎప్పుడో పాకిపోయింది. వాటి మీద నా పెత్తనం చెల్లదు."

"ఇంకేం లాభం? చూసినవాళ్లంతా మా మరదలికి ఫోన్లు. వాడేమో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు, మొహం చూపించడు. రాసే స్వేచ్ఛ తూనీగకుంది, కాదనను. దాక్కునే హక్కు రాసినవాడికేనా? ఎవడి గురించి రాశారో వాడికి లేదా?"

ఫోటో చూసిన రోజు ఆవిడకూ మనసులో ముల్లులా గుచ్చుకుంది ఈ ప్రశ్నే. మనకెందుకులే అని వదిలేసింది. ఇప్పుడు ఎదురుగా ఆ మనిషి అన్నే కూర్చునేసరికి సిగ్గేసింది.

"పేరు నాకూ తెలీదు," అంది గొంతు తగ్గించి. "బూతులు రాసి పారిపోకుండా చేరేటప్పుడు ఫోన్ నంబరు తీసుకుంటాను. నేను తప్ప ఎవరూ చూడరు."

"వాడితో గొడవకు పోనండీ. మా తమ్ముడికి ఒక్కసారి క్షమాపణ చెప్పమంటాను, అంతే."

ఆవిడ లేచి వెళ్లి కొట్టు తలుపు దగ్గరగా వేసింది. కంప్యూటరు ముందు కూర్చుంది గానీ వేలు ముందుకు కదల్లేదు. నిజంగా అన్నేనా? కాకపోతే అక్కడ ఒకడి బతుకు బుగ్గిపాలు. మళ్లీ అతని వంక చూసింది. కళ్లొత్తుకుంటున్నాడు.

"నేనిచ్చానని ఎక్కడా అనకూడదు."

"చచ్చినా అనను."

నంబరు చదివింది. అతను రాసుకోలేదు.

"దొంగ నంబరు ఇచ్చాడేమో. ఒక్కసారి మీరే మోగించి చూడండమ్మా."

ఆవిడ తన ఫోన్లోంచి నంబరు కొట్టింది.

అతని చొక్కా జేబులో ఫోను మోగింది.

అతను ఫోను తీసి తాపీగా కట్ చేశాడు.

"ఫోటో పెట్టమన్నది ఆ పడ్డవాడేనండీ. తమ్ముడు కాదు, నాతో పనిచేసేవాడు. ఇంకా రాయాల్సింది చాలా ఉంది. కోడంతా చదివాను, ఎక్కడా లొసుగు లేదు. అడిగితే నంబరు ఇచ్చేస్తారో లేదో, మీ సంగతి ఒక్కటే తేలక ఇలా వచ్చాను," అన్నాడు తూనీగ.